ఎగుమతులు పెరగాలంటే ముందు దిగుమతి గేటు చూడండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. మీరు ఒక అభివృద్ధి సంస్థలో కొత్తగా చేరారు. నేపాల్‌లోని చిన్న పరిశ్రమలను గ్లోబల్ వాల్యూ చైన్లలోకి తీసుకురావడం మీకు అప్పగించిన ప్రాజెక్టు. మీ టీం ట్యాక్స్ హాలిడేలు, సెజ్‌లు, విదేశీ ట్రేడ్ ఫెయిర్లలో స్టాళ్లు అంటోంది. బంగ్లాదేశ్, వియత్నాం అలాగే ఎదిగాయా, నేపాల్‌కు అది కుదురుతుందా, మన ఆంధ్రా అనుభవంలో పనికొచ్చేది ఏమైనా ఉందా అని అడిగారు.

నేను ఎకనామిస్టును కాను. రెండు దశాబ్దాలకు పైగా గార్మెంట్స్ సోర్సింగ్‌లో ఉన్నాను. తిరుపూర్‌లో మొదలుపెట్టి, ఎక్కువ కాలం ఢాకాలో, కొన్నాళ్లు హోచిమిన్ సిటీలో పనిచేశాను. బయ్యర్ తరఫున ఫ్యాక్టరీల చుట్టూ తిరుగుతూ బట్ట ఎప్పుడొస్తుంది, లైన్ ఎప్పుడు ఎక్కుతుంది, ఓడ ఎప్పుడు బయల్దేరుతుంది అని అడగడమే నా ఉద్యోగం. అందుకే ఈ జవాబు ఫ్యాక్టరీ స్టోర్ రూమ్‌లో నిలబడి చూసినవాడి జవాబులా ఉంటుంది.

ముందుగా నా అభిప్రాయం. ఇలాంటి ప్రాజెక్టుల్లో అందరి చూపూ ఎగుమతి మీదే ఉంటుంది, చిక్కుముడి మాత్రం దిగుమతి దగ్గర ఉంటుంది. వాల్యూ చైన్ అంటే ఒక వస్తువును పది దేశాలు పంచుకుని చేయడం. మన వంతు పని మధ్యలో ఎక్కడో ఉంటుంది. మనకంటే ముందు పనిచేసినవాడి సరుకు మన చేతికి రానిదే మన పని మొదలు కాదు. ఆ సరుకు త్వరగా రావాలి, సుంకం పడకుండా రావాలి, చేతిలో పెట్టుబడి లేకపోయినా రావాలి. ఈ మూడూ కుదిర్చిన దేశాలు లోపలికి వెళ్లాయి. కుదర్చకుండా సెజ్‌కు గేటు కట్టి బోర్డు పెట్టిన చోట జరిగింది ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతే.

బంగ్లాదేశ్ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దాని గురించి బయట వినిపించేది ఒక్కటే మాట: కూలి చవక. డెబ్బైలలో కూలి చవకైన దేశాలు ఆసియాలో చాలానే ఉన్నాయి. వాటిలో బంగ్లాదేశ్‌కే ఎందుకు కుదిరింది?

1974లో మల్టీ ఫైబర్ అరేంజ్‌మెంట్ వచ్చింది. ఏ దేశం నుంచి ఎన్ని బట్టలు కొనాలో అమెరికా, యూరప్ కోటాలు పెట్టాయి. కొరియా కోటా నిండిపోయింది. బంగ్లాదేశ్‌కు అప్పటికి కోటా అడ్డు లేదు, ఎందుకంటే పంపడానికి అక్కడ ఏమీ తయారు కావడం లేదు. కొరియా కంపెనీ దేవూ 1978లో బంగ్లాదేశ్‌కు చెందిన దేశ్ గార్మెంట్స్ అనే కొత్త సంస్థతో ఒప్పందం చేసుకుంది. దాన్ని పెట్టినది నూరుల్ ఖాదర్ అనే మాజీ ప్రభుత్వాధికారి. 1979లో దేశ్ నుంచి 130 మందిని బుసాన్‌లోని దేవూ ఫ్యాక్టరీకి పంపి దాదాపు ఆరు నెలలు శిక్షణ ఇచ్చారు. వాళ్లు కుట్టుతో పాటు లైన్ బ్యాలెన్సింగ్ (ఏ మిషన్ దగ్గరా పని ఆగకుండా పంచడం), క్వాలిటీ చెకింగ్, బయ్యర్‌తో మాట్లాడటం, ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే సరుకు పంపిన కాగితాలు చూపితే డబ్బు ఇస్తానని బయ్యర్ బ్యాంకు ఇచ్చే హామీ) కాగితాలు రాయడం కూడా నేర్చుకున్నారు. తరువాతి పదేళ్లలో ఆ 130 మందిలో 115 మంది దేశ్‌ను వదిలి సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, లేదా వేరేవాళ్లు పెట్టిన వాటిలో పెద్ద ఉద్యోగాల్లో చేరారు. దేశ్ యజమానికి అది నష్టమే అయి ఉంటుంది. దేశానికి మాత్రం ఒక పరిశ్రమ మొత్తం వాళ్లలోంచే మొలిచింది.

ఈ కథ చాలామందికి తెలుసు. దీని పక్కనే నడిచిన రెండు కాగితాల కథ అంతగా తెలియదు. నా దృష్టిలో అసలు కీలకం ఆ కాగితాలే.

మొదటిది బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ. ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. జర్మనీ బయ్యర్ లక్ష డాలర్ల ప్యాంట్లకు ఆర్డర్ ఇచ్చి, తన బ్యాంకు ద్వారా ఎల్‌సీ తెరిచాడు అనుకుందాం. ఢాకా ఫ్యాక్టరీ దగ్గర నాలుగు వందల మిషన్లు ఉన్నాయి, బట్ట కొనడానికి పైసా లేదు. యజమాని ఆ ఎల్‌సీ పట్టుకుని తన బ్యాంకుకు వెళ్తాడు. బ్యాంకు దాన్నే ఆధారంగా చేసుకుని చైనా బట్టల మిల్లు పేరిట రెండో ఎల్‌సీ తెరుస్తుంది, మామూలుగా ఆర్డర్ విలువలో 75 శాతం దాకా. మిల్లుకు డబ్బు ఇవ్వాల్సింది మూడు, నాలుగు నెలల తర్వాత. ఈలోగా బట్ట వస్తుంది, కత్తిరింపు, కుట్టు అయిపోతాయి, ఓడ ఎక్కుతుంది, జర్మనీ నుంచి లక్ష డాలర్లు జమ అవుతాయి. బ్యాంకు ముందు మిల్లువాడి బాకీ తీర్చి, మిగిలినది ఫ్యాక్టరీ ఖాతాలో వేస్తుంది. ఆ మిగిలినదాంట్లోంచే జీతాలు, కరెంటు, లాభం.

ఇక్కడ తాకట్టు పెట్టినది భూమి కాదు, ఆర్డర్. తండ్రి ఆస్తి లేనివాడు కూడా ఫ్యాక్టరీ నడపగలిగాడంటే కారణం ఇదే. మన దగ్గర చిన్న ఎగుమతిదారు బ్యాంకుకు వెళ్తే మేనేజర్ మొదట అడిగేది ఇంటి దస్తావేజులు.

రెండోది బాండెడ్ వేర్‌హౌస్. దిగుమతైన బట్ట మీద సుంకం కట్టనవసరం లేదు. ఫ్యాక్టరీ ఆవరణలోనే కస్టమ్స్ లెక్కకు లోబడిన గోడౌన్‌లో పెట్టుకోవాలి. ఎంత వచ్చింది, ఎంత వాడారు, ఎంత బయటికి వెళ్లింది అన్నది బాండ్ పాస్‌బుక్‌లో రాస్తారు. ఫలానా ఆర్డర్‌కు ఇన్ని గజాలు కావాలి అని ధ్రువీకరించే కాగితాన్ని యూడీ అంటారు. దాన్ని ఇచ్చే అధికారం ప్రభుత్వం గార్మెంట్ యజమానుల సంఘం బీజీఎంఈఏకే అప్పగించింది. ప్రతి రోల్ బట్టకూ ఒక అధికారి సంతకం కోసం తిరిగే పని తప్పింది. దొంగతనాలు లేవా అంటే ఉన్నాయి. బాండ్ మీద వచ్చిన బట్ట పాత ఢాకాలోని ఇస్లాంపూర్ మార్కెట్లో అమ్ముడవుతుందన్న మాట అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. స్థానిక మిల్లులు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. కానీ ఆ లీకేజీకి భయపడి బాండ్ ఎత్తేసి ఉంటే పరిశ్రమే ఉండేది కాదు.

సుంకం వసూలు చేసి తర్వాత వాపసు ఇస్తాంలే, తేడా ఏముంది అంటారు కొందరు. చాలా ఉంది. వాపసు వచ్చేలోగా ఆ డబ్బు మీద వడ్డీ పడుతుంది. పైగా వాపసు కోసం ఒక మనిషిని పెట్టుకోవాలి. పెద్ద కంపెనీకి అది ఖర్చులో ఒక వరుస, చిన్నవాడికి మాత్రం షట్టర్ దించేసే కారణం.

ఇక టైం. ఢాకా పక్కనున్న గాజీపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో నేను చూసిన సంగతి చెబుతాను. జీన్స్ ఆర్డర్. డెనిమ్ వచ్చింది, జిప్పులు వచ్చాయి, రివెట్లు వచ్చాయి. లోపల కుట్టే వాష్ కేర్ లేబుల్స్ మాత్రం రాలేదు. హాంకాంగ్ నుంచి కొరియర్‌లో వచ్చిన రెండు చిన్న పెట్టెలు విమానాశ్రయం కస్టమ్స్‌లో ఆగాయి. ఇన్‌వాయిస్ మీద రాసిన విలువకూ, పెట్టె మీద రాసిన విలువకూ కొన్ని డాలర్ల తేడా ఉందట. లేబుల్ లేకుండా నడుము పట్టీ మూయలేరు. రెండు లైన్ల ఆపరేటర్లు మిషన్ల ముందు ఊరికే కూర్చున్నారు, జీతం నడుస్తూనే ఉంది. పెట్టెలు బయటికొచ్చేసరికి ఓడ బుకింగ్ పోయింది. బయ్యర్ మెయిల్ ఒక్క లైను: ఎయిర్ చేయండి, ఖర్చు మీదే. ఒక్కో ప్యాంటుకు ఫ్యాక్టరీకి మిగిలే కుట్టు ఛార్జీ కంటే విమానం ఛార్జీ ఎక్కువైంది. ఆ యజమాని ఆ తర్వాత ఏ బయ్యర్‌కూ టైట్ డెలివరీ ఒప్పుకోలేదు. టైట్ డెలివరీ ఉన్న ఆర్డర్లకే ధర బాగుంటుంది, అవి వియత్నాంకు వెళ్లాయి. ఇదంతా జేబులో పట్టే లేబుళ్ల వల్ల. సరుకు కస్టమ్స్ గేటు త్వరగా దాటేలా చేయడాన్ని మీ సంస్థ రిపోర్టుల్లో ట్రేడ్ ఫెసిలిటేషన్ అంటారు. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో దీని మీద ఒప్పందమే ఉంది, 2017 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. రోడ్లు, బ్రిడ్జిలతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని. రిబ్బన్ కట్ చేసే అవకాశం ఉండదు కాబట్టి మంత్రులకు పెద్దగా నచ్చదు.

ఓడరేవు మాట కూడా చెప్పాలి. బంగ్లాదేశ్ ప్రధాన రేవు చిట్టగాంగ్. అది నది ఒడ్డున ఉన్న రేవు, లోతు తక్కువ. అక్కడ చిన్న ఫీడర్ ఓడ ఎక్కించి, కొలంబోలోనో సింగపూర్‌లోనో పోర్ట్ క్లాంగ్‌లోనో పెద్ద ఓడకు మార్చాలి. వియత్నాంలో కాయ్‌మెప్ దగ్గర పెద్ద ఓడలు నేరుగా వచ్చి అమెరికాకు వెళ్తాయి. కుట్టడంలో ఇద్దరూ సమానమే అయినా ఇక్కడే రోజులు పోతాయి. ఇప్పుడు జపాన్ సాయంతో మాతర్‌బారీ దగ్గర లోతైన రేవు కడుతున్నారు.

బయటి దేశాలు చేసిన సాయాల్లో ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, రూల్స్ ఆఫ్ ఆరిజిన్, అంటే ఒక వస్తువు ఏ దేశానిదో తేల్చే నిబంధనలు. యూరప్ 2001 నుంచి పేద దేశాల సరుకుకు సుంకం ఎత్తేసింది. కానీ చాలాకాలం ఒక షరతు ఉండేది: బట్ట తయారీ, కుట్టు రెండూ ఆ దేశంలోనే జరగాలి. చైనా బట్టతో ఢాకాలో కుట్టిన చొక్కాకు ఆ రాయితీ దక్కేది కాదు. 2011 నుంచి కుట్టు ఒక్కటి జరిగితే చాలన్నారు. ఒక్క పైసా గ్రాంటు లేకుండా, ఒక నిబంధనలో చేసిన మార్పు అది. నేసిన బట్టతో కుట్టే చొక్కాలు, ప్యాంట్ల ఎగుమతి దాంతో ఊపందుకుంది. అయితే న్యాయంగా చెప్పాలంటే, పాత కఠిన షరతుల కాలంలోనే అక్కడ నూలు మిల్లులు, అల్లిక బట్టల మిల్లులు బలపడ్డాయి. టీషర్టుల బట్ట ఇవాళ ఎక్కువగా దేశంలోనే తయారవుతోంది. షరతు మరీ కఠినంగా ఉంటే ఎవడూ లోపలికి రాడు, అసలు లేకపోతే లోపలికి వచ్చినవాడు కుట్టు దగ్గరే ఆగిపోతాడు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. దీనికి రెడీమేడ్ జవాబు నా దగ్గర లేదు.

దిగుమతి గేటు మూసేస్తే ఏమవుతుందో మన దేశమే చూపించింది. పాలియెస్టర్ పీచు, నూలు మీద క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్లు (నాణ్యతా ధ్రువీకరణ లేని సరుకు అమ్మకూడదన్న ఆదేశాలు) పెట్టడంతో విదేశీ సరుకు రావడం కష్టమైంది. ఇక్కడి పెద్ద మిల్లులకు బాగానే ఉంది. స్పోర్ట్స్ దుస్తులు కుట్టేవాళ్లు మాత్రం వియత్నాం కంటే ఖరీదైన బట్టతో పోటీ పడాల్సి వచ్చింది. 2025 నవంబర్‌లో ఆ ఆర్డర్లను వెనక్కి తీసుకున్నారు. ప్రపంచం కొనే దుస్తుల్లో సింథటిక్ వాటా పెరుగుతూ వచ్చిన కాలంలో మనం కాటన్ దగ్గరే ఉండిపోవడానికి ఇలాంటివి కూడా కారణం.

ఆంధ్రా అనుభవం అడిగారు. గార్మెంట్స్‌లో అయితే అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ అపారెల్ సిటీ ఉంది. శ్రీలంక కంపెనీ వెయ్యి ఎకరాల్లో పెట్టినది, వేల మంది ఆడవాళ్లకు మొదటి జీతం అక్కడే. కానీ నా వాదనకు దానికంటే మంచి రుజువు రొయ్య.

తొంభైలలో నెల్లూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో టైగర్ రొయ్య రాజ్యం ఏలింది. వైట్ స్పాట్ వైరస్ వచ్చి చెరువులు ఎండబెట్టుకునే పరిస్థితి తెచ్చింది. మళ్లీ లేచింది వనామీతో. ఆ జాతి మనది కాదు, పసిఫిక్ తీరానిది. 2009లో దాని సాగుకు అనుమతి ఇచ్చారు. జబ్బులు లేని తల్లి రొయ్యలను అమెరికా నుంచి విమానంలో తెచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించి, ఆ తర్వాతే హేచరీలకు ఇచ్చారు. హేచరీ నుంచి సీడ్, సీడ్ నుంచి చెరువు, చెరువు నుంచి ప్రాసెసింగ్ ప్లాంటు, అక్కడి నుంచి అమెరికా సూపర్ మార్కెట్. మేతలో కూడా థాయ్‌లాండ్ పరిజ్ఞానం ఉంది, అవంతి ఫీడ్స్‌కు థాయ్ యూనియన్‌తో భాగస్వామ్యం అలాంటిదే. భీమవరం రైతు ప్రపంచ మార్కెట్లోకి వెళ్లడానికి దారి తెరిచినది ఒక దిగుమతి అనుమతి, దానికి కాపలాగా ఒక క్వారంటైన్ కేంద్రం. ఇవాళ దేశంలో పండే రొయ్యలో చాలా పెద్ద వాటా ఆంధ్రాదే.

ఇంకో సంగతి ల్యాబ్. యూరప్‌కు వెళ్లే రొయ్యలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్స్ ఆనవాలు ఉండకూడదు. 2016లో యూరప్ మన రొయ్యల కంటైనర్ల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. రెండు కంటైనర్లలో ఒకటి రేవులో ఆగి, శాంపిల్ ఫలితం వచ్చేదాకా ఎదురుచూడాలి. కోల్డ్ స్టోరేజీ ఛార్జీలు ఎవరి నెత్తిన పడతాయో చెప్పక్కర్లేదు. చివరికి అది చెరువు గట్టు మీద రైతుకిచ్చే కౌంట్ ధరలోంచే (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్కన కట్టే ధర) కోత పడుతుంది. చెరువులో రొయ్యలు పట్టే ముందే పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చే ల్యాబులు ఊళ్లకు దగ్గరగా ఉండటం అందుకే ముఖ్యం. బంగ్లాదేశ్‌కు రొయ్యల ఎగుమతిలో ఇలాంటి పెద్ద దెబ్బ 1997లో తగిలింది. ప్లాంట్లలో శుభ్రత సరిగా లేదని యూరప్ ఏకంగా దిగుమతినే నిలిపేసింది. నెలల తరబడి ఎగుమతి ఆగింది. ఆ తర్వాత అంతర్జాతీయ సంస్థల సాంకేతిక సాయంతో ప్లాంట్లను, తనిఖీ వ్యవస్థను బాగుచేసుకుని మళ్లీ అమ్మారు. మీలాంటి సంస్థలు నిజంగా పనికొచ్చే చోటు ఇది.

రొయ్య ఇంకో హెచ్చరిక కూడా ఇచ్చింది. 2025 ఆగస్టు చివర్లో భారతీయ సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ టెన్షన్ మొదట కనిపించింది గోదావరి జిల్లాల చెరువుల దగ్గరే. ఒకే దేశం కొనుగోళ్ల మీద బతికే గొలుసులో ఉండటం అంటే అదీ.

వియత్నాం గురించి త్వరగా చెబుతాను, ఎందుకంటే దాన్ని అందరూ అనుకరించాలనుకుంటారు, అనుకరించడం మాత్రం కష్టం. 1986లో మార్కెట్‌కు తలుపులు తెరిచిన దోయ్ మోయ్ సంస్కరణలు, 2001లో అమెరికాతో వాణిజ్య ఒప్పందం అమలు, 2007 జనవరిలో డబ్ల్యూటీవో సభ్యత్వం, 2020 ఆగస్టులో యూరప్ ఒప్పందం. ఒప్పందాలు ఒకదాని తర్వాత ఒకటి సంతకం చేస్తూ పోయారు. 2009లో శాంసంగ్ బాక్ నిన్‌లో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. చైనా సరిహద్దు లాంగ్‌సన్ దగ్గర నుంచి విడిభాగాల లారీలు నేరుగా ఫ్యాక్టరీకి వస్తాయి. తయారైన ఫోన్లు హనోయ్ విమానాశ్రయం నుంచి వెళ్తాయి. ఆ భౌగోళిక వరం ఖాట్మండుకు లేదు.

వియత్నాం ఎగుమతుల్లో 70 శాతం పైగా విదేశీ కంపెనీలవే. ఫోన్ వియత్నాంలో తయారైనా అందులోని విలువ చాలావరకు ఆ దేశానిది కాదు. దీనికి పాతదే అయినా మంచి లెక్క ఒకటి ఉంది. ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ)కి చెందిన ఏడీబీ ఇన్‌స్టిట్యూట్ 2010లో ప్రచురించిన పరిశీలనలో, 2009 నాటి ఐఫోన్ తయారీ ఖర్చు సుమారు 179 డాలర్లు. చైనాలో బిగించినందుకు అక్కడ మిగిలినది 6 డాలర్ల 50 సెంట్లు. మిగతాదంతా జపాన్, కొరియా, జర్మనీ, అమెరికా విడిభాగాలు. లెక్కల్లో మాత్రం మొత్తం ఫోన్ చైనా ఎగుమతిగానే నమోదైంది. ఎగుమతి అంకె పెరిగిందని మీ ప్రాజెక్టు రిపోర్టులో సంబరం రాసేముందు ఈ 6 డాలర్ల 50 సెంట్లు గుర్తు చేసుకోండి. ఆ తర్వాత చైనా అక్కడే ఆగిపోలేదన్నది కూడా నిజం, స్థానిక కంపెనీలు క్రమంగా విడిభాగాల్లోకి వచ్చాయి.

ఆ మెట్టు ఎక్కించడానికి పనిచేసిన పద్ధతుల్లో నాకు నచ్చినది మలేషియాలోని పెనాంగ్‌ది. ఇంటెల్ 1972లోనే అక్కడికి వచ్చింది. 1989లో పెనాంగ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టారు. ఏం నేర్పాలో నిర్ణయించేది ఆ విదేశీ ఫ్యాక్టరీలే, మిషన్లు ఇచ్చేది వాళ్లే, స్థానిక వర్క్‌షాపుల కుర్రాళ్లు వచ్చి నేర్చుకునేవారు. ప్రభుత్వం సిలబస్ రాయలేదు, అదే దాని బలం. సింగపూర్ 1986లో ఇంకో అడుగు వేసింది. పెద్ద కంపెనీ ఇంజనీర్ ఒకరు స్థానిక సప్లయర్ల దగ్గర పనిచేస్తే ఆ జీతం ప్రభుత్వం భరించింది. బుసాన్‌కు వెళ్లిన 130 మందితో జరిగిందీ ఇలాంటిదే. హోటల్ హాల్లో రెండు రోజుల వర్క్‌షాప్, పవర్ పాయింట్, భోజనం, సర్టిఫికెట్ పెడితే ఎవరూ లైన్ నడపడం నేర్చుకోరు.

గొలుసులో చేరడం ఒక్కటే లక్ష్యమైతే ఏం జరుగుతుందో 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గరి సావర్‌లో చూశాం. గార్మెంట్ ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారాయని తెలుసు. అయినా మెషిన్ల ముందుకు రమ్మన్నారు, షిప్‌మెంట్ తేదీ దగ్గర పడిందని. ఆ తర్వాత భవనాల భద్రత కోసం వచ్చిన అకార్డ్ ఒప్పందం బ్రాండ్లను చట్టపరంగా కట్టిపడేసింది కాబట్టే ఫ్యాక్టరీ భవనాలు బాగుపడ్డాయి. అంతకుముందు స్వచ్ఛంద నియమావళులు, ఆడిట్లు లేక కాదు. ఆ ఆడిట్ల కాగితాలు నేనూ చాలానే చూశాను, అన్నిట్లో అన్నీ పచ్చ టిక్కులే.

ఇక మీ నేపాల్. ముందు వదిలేయాల్సిన ఆశలు. చవక కూలి అనే వాదన అక్కడ నిలవదు. కుర్రాళ్లు గల్ఫ్‌కు, మలేషియాకు, కొరియాకు వెళ్తున్నారు, దేశ ఆదాయంలో సుమారు నాలుగో వంతు వాళ్లు పంపే డబ్బే. గార్మెంట్స్‌లో 2005 దాకా కోటా పుణ్యమా అని నడిచింది, కోటా పోగానే చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. భైరహవాలో 2014లో సెజ్ తెరిచారు, చాలా ఏళ్లు ప్లాట్లు ఖాళీగానే ఉన్నాయి. అమెరికా 2016 చివర్నుంచి 2025 దాకా నేపాలీ పష్మినా, బ్యాగులు, తివాచీల లాంటి కొన్ని వస్తువులకు ప్రత్యేకంగా సుంకం ఎత్తేసింది. దాన్ని వాడుకున్నది చాలా తక్కువ. మీ టీం చెబుతున్న మందులన్నీ ఆ రోగి ఇప్పటికే వాడి చూశాడు.

ఎగుమతి అంకెల్లో సోయా నూనె, పామాయిల్ కనిపిస్తే మురిసిపోకండి. ముడి నూనె దిగుమతి చేసి, శుద్ధి చేసి, భారత్‌కు పంపుతారు. మన సుంకాలకూ వాళ్ల సుంకాలకూ ఉన్న తేడాయే అక్కడ లాభం. ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ మారితే ఆ ఎగుమతి మాయమవుతుంది.

నిజమైన గొలుసులు చిన్నవే అయినా ఉన్నాయి. నేపాలీ తివాచీలో ఉన్ని ఎక్కువగా న్యూజిలాండ్ నుంచి వస్తుంది, కొంత టిబెట్ నుంచి. యూరప్ గిఫ్ట్ షాపుల్లో కనిపించే రంగురంగుల ఫెల్ట్ (ఉన్నిని ఒత్తి చేసేది) బొమ్మలకూ న్యూజిలాండ్ ఉన్నే ఆధారం. చూశారా, ఖాట్మండు చేతిపనికి మొదటి మెట్టు కూడా దిగుమతే. ఆ ఉన్ని మూట కోల్‌కతా రేవులో ఎన్ని రోజులు ఆగుతుందన్నదాని మీదే ఆర్డర్ తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఉంటుంది.

ఈ విషయంలో జరిగిన ఒక మంచి పని మీ సంస్థలో తప్పక చూపించండి. నేపాల్ సరుకు ఇంతకుముందు కోల్‌కతాలో దిగాక, ట్రాన్సిట్ కాగితాలు, ఏజెంటు, సీలు, తనిఖీ అన్నీ అక్కడే అయ్యేవి. కంటైనర్ ఆలస్యమైతే డిటెన్షన్ ఛార్జీ నేపాలీ వ్యాపారి జేబులోంచే. ఏడీబీ సాయంతో ఎలక్ట్రానిక్ కార్గో ట్రాకింగ్ తెచ్చారు. కంటైనర్‌కు ఒక ఎలక్ట్రానిక్ సీల్ వేస్తారు, అది దారిలో తెరిచారో లేదో కస్టమ్స్ వాళ్లకు తెలుస్తుంది, సరుకు నేరుగా నేపాల్ సరిహద్దులోని బీర్‌గంజ్ డ్రై పోర్టుకు (సముద్రానికి దూరంగా కంటైనర్లు దిగే కేంద్రం) చేరుతుంది. మన విశాఖపట్నం రేవు కూడా ఈ దారిలో ఉంది. కోల్‌కతాతో పోలిస్తే బీర్‌గంజ్‌కు రైలు దూరం దాదాపు రెట్టింపు. అయినా లోతైన రేవు కాబట్టి పెద్ద ఓడలు నేరుగా వస్తాయి, హుగ్లీ నదిలో అది కుదరదు. దూరం ఎక్కువైన దారి కూడా పనికొస్తుందంటే వ్యాపారికి కిలోమీటర్ల కంటే ఏ రోజు వస్తుందో ఖచ్చితంగా తెలియడం ముఖ్యం.

ఇంకో తొందర కూడా ఉంది. నేపాల్, బంగ్లాదేశ్, లావోస్ మూడింటినీ అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాల జాబితా నుంచి తప్పించడానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన తేదీ 2026 నవంబర్ 24. యూరప్ మరో మూడేళ్లు గడువు ఇస్తుంది. ఆ తర్వాత సుంకం రాయితీలు తగ్గుతాయి, రూల్స్ ఆఫ్ ఆరిజిన్ బిగుస్తాయి. న్యూజిలాండ్ ఉన్నితో, చైనా దారంతో చేసిన ఏ వస్తువుకు అప్పుడు సుంకం పడుతుందో ఇప్పుడే ఒక పట్టిక వేయించండి. అది మీ ప్రాజెక్టు డబ్బులో చిల్లర ఖర్చు.

బ్యాంకుల సంగతి వదలకండి. ఏడీబీ అంచనా ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా అడిగినా దొరకని ట్రేడ్ ఫైనాన్స్ (ఎగుమతి, దిగుమతులకు బ్యాంకులిచ్చే అప్పు, హామీ) 2.5 లక్షల కోట్ల డాలర్లు. దెబ్బ తగిలేది చిన్న దేశాల్లోని చిన్న కంపెనీలకు. ఖాట్మండు బ్యాంకు ఎల్‌సీని ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకు నమ్మకపోతే మధ్యలో ఏడీబీ గ్యారంటీ నిలబడుతుంది. ఆ పథకం ఎప్పటినుంచో ఉంది. మీ పష్మినా తయారీదారుకు దాని పేరైనా తెలుసా, ఆయన బ్యాంకు మేనేజర్‌కు తెలుసా అని అడిగి చూడండి.

మొదటి నెల మీరేం చేయాలో నా సలహా. సెమినార్లు పక్కన పెట్టి ఒక్క వస్తువు ఎంచుకోండి. నేనైతే ఫెల్ట్ గానీ పష్మినా గానీ తీసుకుంటాను. తేలిక, ఖరీదు, విమానంలో వెళ్తుంది, సముద్రం లేని లోటు తక్కువగా తగులుతుంది. ఒక తయారీదారును పట్టుకుని ఆయన చివరి షిప్‌మెంట్ ఫైలు మొత్తం అడగండి. ఉన్ని ఆర్డర్ చేసిన తేదీ, రేవులో దిగిన తేదీ, సరిహద్దు దాటిన తేదీ, సుంకం కట్టిన రసీదు, అది వాపసు వచ్చిందా, ల్యాబ్ రిపోర్టు ఎక్కడ చేయించారు, రంగు పరీక్షకు శాంపిల్ ఏ దేశం వెళ్లింది, ఎన్నాళ్లు పట్టింది, బయ్యర్ డబ్బు ఎప్పుడు జమైంది. పక్కపక్కన తేదీలు వేసుకుంటే ఎక్కడ ఎక్కువ రోజులు పోయాయో కనిపిస్తుంది. మీ ప్రాజెక్టు డబ్బు అక్కడ పెట్టించండి. ఫైలు ఇవ్వడానికి ఆయన మొదట మొహమాటపడతాడు, ధరలు బయటపడతాయని. ధరల గడి మీద కాగితం అంటించి జిరాక్స్ తీయమనండి, తేదీలు చాలు. ఆ తేదీలు దొరికాక మళ్లీ అడగండి, ఎల్‌సీ షరతుల్లో ఏది మార్పించుకోవచ్చో వరసగా చెబుతాను.